ఇంట్లో బేస్ గిటార్ క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) కట్టుకోవచ్చా? కారు సబ్‌వూఫర్ పనికొస్తుందా?

కట్టుకోవచ్చు, శ్రద్ధగా కడితే బాగానే మోగుతుంది కూడా. వాడకుండా పడున్న 12 అంగుళాల కారు సబ్‌వూఫర్, కొన్ని ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన) పలకలు, 4 ఓమ్స్ దగ్గర 300 వాట్లిచ్చే ఆంప్ ఉన్నాయన్నారు. ఆంప్ సరిపోతుంది. ఎండీఎఫ్‌తో సర్దుకోవచ్చు. సబ్‌వూఫర్‌ని మాత్రం పక్కన పెట్టేయండి.

కారణం సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె అది. కారు సబ్‌వూఫర్లకు సాధారణంగా 84 నుంచి 88 డెసిబెల్స్ ఉంటుంది. బేస్ గిటార్ కోసం చేసిన 12 అంగుళాల స్పీకర్లు 95 పైమాటే. పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల పవర్. అంటే మీ 300 వాట్లు దానికి పోస్తే, సరైన స్పీకరుకి 30 వాట్లు ఇచ్చినంత మోతే వస్తుంది. డ్రమ్మర్ పక్కన అది ఏ మూలకి? పైగా సబ్‌వూఫర్ కొన్ని వందల హెర్ట్జ్ దాటగానే చేతులెత్తేస్తుంది. వేలు తీగని లాగిన చప్పుడు, స్లాప్‌లోని (బొటనవేలితో తీగని కొట్టి వాయించే పద్ధతి) చురుకు అంతా ఆ పైనే ఉంటుంది. పోనీ లీడ్ గిటార్ స్పీకర్ పెడదామంటే అదీ కుదరదు. దాని కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి పొర) ముందుకీ వెనక్కీ కదిలే దూరం చాలా తక్కువ, కింది స్వరాలు గట్టిగా వాయిస్తే తట్టుకోలేదు.

కాబట్టి ముందు స్పీకర్ ఎంచుకోండి, పెట్టె సంగతి తర్వాత. చాలామంది చేతిలో ఉన్న పలకల కొలతతో మొదలుపెడతారు. అది తిరగేసిన పద్ధతి. ప్రతి మంచి స్పీకరుకీ థీల్-స్మాల్ పారామీటర్లని కొన్ని అంకెలు ఇస్తారు. అందులో ఎఫ్ఎస్ (స్పీకర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో), వీఏఎస్ (కోన్ బిగువుకి సమానమైన గాలి పరిమాణం), ఎక్స్‌మాక్స్ (కోన్ శబ్దం చెడకుండా కదలగల దూరం) అన్న నాలుగు ఉంటే మీ పెట్టె ఎంతుండాలో లెక్క తేలిపోతుంది. విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఎక్కిస్తే గ్రాఫు గీసి చూపిస్తుంది. ఈ అంకెలు ఇవ్వని స్పీకర్ ఎంత చవకగా దొరికినా నేను ముట్టుకోను.

ఇంకో నిజం ముందే ఒప్పుకోవాలి. పెట్టె చిన్నగా ఉండాలి, శబ్దం పెద్దగా రావాలి, బేస్ బాగా లోతుకి దిగాలి అంటే మూడూ ఒకేసారి దొరకవు. రెండే ఎంచుకోవాలి. దీన్నే హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. అయితే లోతు గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది E స్వరం 41 హెర్ట్జ్. ఆంపెగ్ వాళ్ల ఎస్‌వీటీ 810ఈ, అదే ఫ్రిజ్ అని పిలిచే ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్, 58 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పడిపోతుంది. అయినా దాని బేస్ సన్నగా ఉందని ఎవరూ అనరు. పై హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు ఇలా పైన మోగే స్వరాలు) గట్టిగా వినిపిస్తే అసలు స్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది.

ఇక కొలతలు. నాకు బాగా నచ్చిన సైజు 12 అంగుళాల స్పీకర్ ఒకటి, 60 లీటర్ల పోర్టు పెట్టె, అంటే గాలి ఆడే గొట్టం ఉన్న పెట్టె. బయటి కొలత 60 × 40 × 36 సెం.మీ. అనుకోండి. 18 ఎం.ఎం. ప్లైవుడ్ వాడితే లోపల 56.4 × 36.4 × 32.4 మిగులుతుంది, అంటే సుమారు 66 లీటర్లు. స్పీకర్ వెనకభాగం, ఆనుకర్రలు, పోర్టు గొట్టం కలిసి ఓ ఆరు లీటర్లు తినేస్తాయి. అలా 60 తేలుతుంది. ఈ తీసివేత మర్చిపోతే ట్యూనింగ్ లెక్కంతా పక్కకి జరుగుతుంది.

పోర్టు పని ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే స్వరం లాంటిదే. లోపలి గాలి పరిమాణం, గొట్టం వెడల్పు, పొడవు కలిసి ఆ స్వరాన్ని నిర్ణయిస్తాయి. 60 లీటర్లని 45 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలంటే 10 సెం.మీ. వ్యాసం గొట్టం ఒకటి, దాదాపు 12 సెం.మీ. పొడవు సరిపోతుంది. గట్టిగా వాయించినప్పుడు గాలి బుసకొట్టకుండా అదే సైజువి రెండు పెట్టారనుకోండి, ఒక్కొక్కటి 31 సెం.మీ. పైన ఉండాలి. మన పెట్టె లోతు 32.4. గొట్టం చివర వెనక గోడని దాదాపు తాకుతుంది, గాలి ఆడదు. రెండు పోర్టులు కావాలంటే లోతు పెంచాలి, లేదా మూల దగ్గర గొట్టాన్ని వంచాలి.

గొట్టాన్ని లెక్కకంటే రెండు మూడు సెం.మీ. పొడవుగానే కోయండి. తగ్గించడం సులువు, అతకడం కష్టం. నేను ట్యూనింగ్ ఇలా చూస్తాను: ఆంప్‌కీ స్పీకరుకీ మధ్య సిరీస్‌లో 100 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, ఫోన్‌లోని టోన్ జనరేటర్ యాప్‌తో 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుకుంటూ, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజ్ చూస్తాను. అంకె ఒకసారి పైకెళ్లి, కిందికి దిగి, మళ్లీ పైకెళ్తుంది. ఆ రెండు శిఖరాల మధ్య లోయే మీ ట్యూనింగ్. 40 దగ్గర కనిపిస్తే గొట్టం కొంచెం కోసి మళ్లీ చూడటమే. ఆ సమయంలో కోన్‌ని చూస్తే భలే ఉంటుంది, లోయ దగ్గరికి రాగానే దాదాపు కదలడం మానేస్తుంది. శబ్దమంతా పోర్టులోంచే వస్తుంటుంది.

ట్యూనింగ్ కంటే కిందికి వెళ్తే కథ మారిపోతుంది. అక్కడ కోన్‌ని పట్టి ఉంచే గాలి ఒత్తిడి ఉండదు, ఊరికే ఊగిపోతుంది. స్పీకర్ మీద 300 వాట్లని రాసి ఉన్నా అది కాయిల్ వేడికి సంబంధించిన అంకె. కింది స్వరాల దగ్గర అందులో సగం పవర్‌కే కోన్ ఎక్స్‌మాక్స్ దాటొచ్చు. ఐదు తీగల బేస్ వాయించేవాళ్లకి, అంటే 31 హెర్ట్జ్ బి స్వరం ఉన్నవాళ్లకి, 30-35 దగ్గర హై పాస్ ఫిల్టర్ (ఆ కింది స్వరాలని ఆపేసేది) పెట్టుకోవడం తప్పనిసరి అంటాను.

చెక్కపని గురించి ఎక్కువ చెప్పను. ఎండీఎఫ్ బాగానే మోగుతుంది కానీ మూలలు దెబ్బతింటే పొడి రాలుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది, స్క్రూ రెండోసారి పట్టదు. పై కొలతకి పెట్టె ఒక్కటే 15 కిలోలు. బిర్చ్ ప్లైవుడ్ ఓ కిలోన్నర తక్కువ, పైగా గట్టిది. అటూ ఇటూ మోసే క్యాబినెట్‌కి ప్లైవుడే మేలు. ఎదురెదురు గోడల్ని కలుపుతూ మధ్యలో ఒక ఆనుకర్ర జిగురుతో బిగిస్తే, గోడ మందం పెంచినదానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. స్పీకర్‌ని చెక్క స్క్రూలతో కాకుండా టీ నట్లు (చెక్కలో దిగి ఉండే నట్లు), బోల్టులతో బిగించండి. స్పీకర్ అంచు కింద ఫోమ్ టేపు వేయండి. తర్వాత 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, తడి వేళ్లు అతుకుల వెంట నడిపితే గాలి లీక్ ఎక్కడుందో చల్లగా తగులుతుంది. సాకెట్ విషయంలో స్పీకాన్ (తిప్పితే లాక్ అయ్యే స్పీకర్ కనెక్టర్) పెట్టండి. పావు అంగుళం జాక్ గుచ్చేటప్పుడు, లాగేటప్పుడు ఒక్క క్షణం షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఓమ్స్ సంగతి: మీ ఆంప్ కనిష్ఠం 4 అయితే ఇప్పుడు 8 ఓమ్స్ స్పీకర్ కొనండి. పవర్ కొంత తగ్గినా వినడానికి తేడా స్వల్పమే. రేపు అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె కట్టి పారలల్‌గా కలిపితే సరిగ్గా 4 అవుతుంది, శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండూ కలిపినప్పుడు పక్కపక్కన కాదు, ఒకదాని మీద ఒకటి పెట్టండి. పక్కపక్కన పెడితే పై స్వరాలు ఎదురుగా ఉన్నవాళ్లకే తెలుస్తాయి, స్టేజీ పక్కనున్న మీ గిటారిస్టుకి బురబురలాడే బేస్ మాత్రమే అందుతుంది.

డబ్బు మిగులుతుందని మాత్రం దీంట్లోకి దిగకండి. స్పీకర్, ప్లైవుడ్, హ్యాండిళ్లు, గ్రిల్లు, మూలల తొడుగులు అన్నీ కలిపితే సెకండ్ హ్యాండ్ క్యాబినెట్ ధర దగ్గరికే వస్తుంది. మీ కారు డిక్కీలో పట్టే కొలతలో, మీ నడుము మోయగల బరువులో కావాలంటే అప్పుడు కట్టండి.