టమలాడాకి పిలిచారు, మేం శాకాహారులం: ఏం పట్టుకెళ్ళాలి, వాళ్ళని ఏమని పిలవాలి?

ఈస్ట్ లాస్ ఏంజెలిస్‌లో మెక్సికన్ మూలాలున్న మీ పక్కింటివాళ్ళు మూడు తరాలుగా అక్కడే ఉంటున్నారని, క్రిస్మస్ ముందు శనివారం టమలాడాకి రమ్మన్నారని రాశారు. ఏం తినొచ్చు, వాళ్ళని మెక్సికన్లు అనాలా, చికానోలు (అమెరికాలో పుట్టి పెరిగిన మెక్సికన్ మూలాలవాళ్ళు) అనాలా అన్నవి మీ ప్రశ్నలు.

టమలాడా అంటే విందు అనుకుని వెళ్ళకండి, అది పని. బల్ల చుట్టూ కూర్చుని డజన్లకొద్దీ టమాలేలు (పొత్తు రేకులో మొక్కజొన్న పిండి పూసి, కూర పెట్టి, ఆవిరి మీద ఉడికించేవి) చుడతారు, తినేసరికి సాయంత్రం అవుతుంది. ఖాళీ కడుపుతో వెళ్తే ఇబ్బందే.

లోపలి కూరలో మాంసం లేకపోతే చాలనుకోవద్దు. మామూలుగా పిండిలోనే పంది కొవ్వు ఉంటుంది, చాలా ఇళ్ళలో మాంసం ఉడికించిన నీళ్ళతోనే దాన్ని కలుపుతారు. ఎండుద్రాక్ష వేసిన తీపివాటిలోనూ అంతే. ఈ పిండినే మాసా అంటారు. దుకాణంలో మాసా ప్రెపరాడా అంటే కొవ్వు, ఉప్పు కలిపేసిన పిండి. అది మీకు వద్దు.

ఇంటావిడకి ముందే చెప్పి మీ పిండి, మీ గిన్నె మీరు తీసుకెళ్ళండి, ఎవరూ ఏమీ అనుకోరు. సుమారు 50 టమాలేలకి కిలో మాసా హరీనా (పొడిగా అమ్మే మాసా పిండి), అర కిలో వెన్న లేదా వెజిటబుల్ షార్టెనింగ్, కూరగాయలు ఉడికించిన గోరువెచ్చని నీళ్ళు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఉప్పు, బేకింగ్ పౌడర్ నాలుగేసి టీస్పూన్లు. ఇండియన్ స్టోర్ మొక్కజొన్న పిండి పనికిరాదు. మాసాకి వాడే మొక్కజొన్నని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు. అలా చెయ్యని పిండికి జిగి రాదు, పొడిపొడిగా రాలిపోతుంది.

ముందు వెన్నని ఐదు నిమిషాలు తెల్లగా నురగొచ్చేలా గిలకొట్టి, తర్వాత పిండి, నీళ్ళు కొద్దికొద్దిగా కలపాలి. మన గారెల పిండికి చూసినట్టే చిన్న ముద్ద చన్నీళ్ళలో వేసి చూడండి. తేలితే సరే. మునిగితే ఇంకా గిలకొట్టాలి, లేకపోతే టమాలే ఇటుకలా వస్తుంది. లోపలికి రాహాస్ కోన్ కేసో: 15 పొబ్లానో మిరపకాయలు మంటమీద కాల్చి, తొక్క తీసి, చీలికలు చేసి, 700 గ్రాముల మాంటెరే జాక్ చీజ్‌తో పెట్టాలి.

ఎండిన మొక్కజొన్న పొత్తు రేకుల్ని గంటసేపు వేడినీళ్ళలో నానబెడతారు. నున్నటి వైపే పిండి పూయాలి, గరుకు వైపు పూస్తే అంటుకుపోతుంది. కొత్తవాళ్ళ చేతికి ఈ పూసే పనే ఇస్తారు, కొత్తవాళ్ళంతా పిండి ఎక్కువే పూస్తారు. పలచగా పూయండి, సన్నటి కొసవైపు మూడో వంతు వదిలెయ్యండి, అది మడత పెట్టడానికి. కూర మసాలా జోలికి మాత్రం వెళ్ళకండి, అది పెద్దావిడ రాజ్యం. తెరిచిన వైపు పైకి ఉండేలా నిలబెట్టి గంట నుంచి గంటన్నర ఆవిరి పట్టాలి. నీళ్ళు టమాలేలని తాకితే అడుగున జావైపోతాయి. తగ్గితే మరిగే నీళ్ళే పొయ్యాలి. రేకు శుభ్రంగా ఊడొస్తే ఉడికినట్టు, లేదంటే ఇంకో పావుగంట. రేకు తీసే తినాలి సుమా! 1976లో శాన్ ఆంటోనియోలో అధ్యక్షుడు ఫోర్డ్ రేకుతో సహా కొరికాడు, అక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

ఇక పేరు. చికానో అన్నది ఒకప్పుడు చిన్నచూపు మాట, 1960ల మెక్సికన్ అమెరికన్ల హక్కుల ఉద్యమంలో కుర్రకారు దాన్నే గర్వంగా నెత్తిన పెట్టుకున్నారు. అదే ఇంట్లో తాతగారు మెక్సికానో అనొచ్చు, కూతురు చికానా అనొచ్చు, మనవడు లాటినో అనొచ్చు. ఎవరు తమని ఏమని చెప్పుకుంటే అదే మీరూ అనండి, మీరుగా ముద్ర వెయ్యకండి. "అసలు మీదేవూరు, ఎప్పుడొచ్చారు" అన్న మన అలవాటు ప్రశ్న అక్కడ బెడిసికొడుతుంది. 1848 ఒప్పందంతో కాలిఫోర్నియా మెక్సికో నుంచి అమెరికా చేతికి రాకముందే అక్కడున్న కుటుంబాలున్నాయి.

స్పానిష్ గురించి కూడా ఒక మాట. పిల్లలకి స్పానిష్ రాలేదని ఆశ్చర్యం చూపించొద్దు. అమెరికాలో మన పిల్లలు తెలుగు మర్చిపోవడం వేరు, ఇది వేరు: బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్షించేవారు. 1968లో ఈస్ట్ ఎల్.ఏ. హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కడానికి అదీ ఒక కారణం. దెబ్బలు తిన్నవాళ్ళలో చాలామంది తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు. ఆ పిల్లలనే మెక్సికోలో చుట్టాలు పోచో (స్పానిష్ సరిగా రాని, అమెరికన్ అయిపోయినవాడు) అని వెక్కిరిస్తారు. ఆ మాట వాళ్ళలో వాళ్ళు సరదాకి అనుకుంటారు, మీరు అనకూడదు.

లోపలికి వెళ్ళగానే అందరికీ కలిపి ఒక హాయ్ పడెయ్యకుండా ఒక్కొక్కరినీ, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి, పలకరించండి. వచ్చేటప్పుడూ అంతే. అల్యూమినియం ఫాయిల్‌లో డజను టమాలేలు చుట్టి ఇస్తే వద్దనకండి. మీకిచ్చింది ఏ గిన్నెలోదో మాత్రం అడగండి. ఈ గందరగోళం రాకుండా మీవాటికి చుట్టేటప్పుడే సన్నటి రేకు పీలికతో ముడి వెయ్యండి. ఇంట్లో పొత్తు రేకుతోనే ఫ్రీజర్లో పెట్టి, తినేముందు కరిగించకుండానే పాతిక నిమిషాలు ఆవిరి పడితే సరిపోతుంది.