పద్నాలుగు మంది ఊరికి జాతీయ గుర్తింపు ఎందుకు?

పోయిన సంచికలో అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతపు పల్లెల గురించి రాస్తూ కాన్సస్ రాష్ట్రంలోని నికోడెమస్‌ను ఒక్క వాక్యంలో ప్రస్తావించాం. ఆ ఒక్క వాక్యానికే ఉత్తరాలు చాలా వచ్చాయి. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి కాన్సస్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటుంది. మేము వెళ్లినప్పుడు డెన్వర్‌కు కారులో బయలుదేరి, పెద్ద రహదారి వదిలి 24వ నంబరు రోడ్డు మీదుగా వెళ్లాం. దారిలోనే మీరు రాసిన నికోడెమస్ కనిపించింది. నాలుగైదు పాత కట్టడాలు, చుట్టూ పొలాలు తప్ప అక్కడ మరేమీ లేదు. జనాభా 14 అని మా అల్లుడు చెప్పాడు. అంత చిన్న ఊరికి ‘జాతీయ చారిత్రక స్థలం’ అని బోర్డు ఎందుకు పెట్టారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసినవి నాలుగైదు కాదు, సరిగ్గా ఐదు కట్టడాలు. వాటి కోసమే 1996 నవంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి నికోడెమస్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. పౌరయుద్ధం ముగిశాక, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారు మిసిసిపీ నదికి పడమటి దిక్కున నెలకొల్పుకున్న ఊళ్లలో నేటికీ మనుషులు కాపురముంటున్న ఊరుగా దీనికి ఈ గౌరవం దక్కింది.

ఊరి కథ 1877లో మొదలైంది. పౌరయుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారి హక్కులకు కాపలాగా ఉన్న కేంద్ర సైన్యాలు ఆ సంవత్సరమే ఆ పాత్ర నుంచి తప్పుకున్నాయి. బానిసత్వం పోయినా భూమి చేతికి రాలేదు, పాత యజమానుల పొలాల్లోనే పాలికి సేద్యం చేసుకోవలసి వచ్చింది. కాన్సస్ 1861లో బానిసత్వం లేని రాష్ట్రంగా అమెరికా సమాఖ్యలో చేరింది. పైగా 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం కొద్దిపాటి రుసుము కట్టి, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేసుకున్నవారికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి సొంతమవుతుంది. గుంట భూమికి నోచుకోనివారికి 160 ఎకరాలన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ ఆశను గమనించినవాడు డబ్ల్యు. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూముల వ్యాపారి. ఆయన, నల్లజాతి మతబోధకుడు డబ్ల్యు. హెచ్. స్మిత్, మరి ఐదుగురు నల్లవారు కలిసి నికోడెమస్ టౌన్ కంపెనీని ఏర్పాటు చేశారు. ఊరి పేరు బైబిలులోని వ్యక్తిదని (మన తెలుగు బైబిలులో ఆయన నీకొదేము) కొందరంటారు. ఆనాడు వాడుకలో ఉన్న ఒక కథలోని ఆఫ్రికా బానిస పేరని మరికొందరంటారు. 1877 సెప్టెంబరు 5న కాన్సస్‌కు వెళ్లదలచినవారు 5 డాలర్లు చెల్లించి బయలుదేరవచ్చంటూ కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో పంచిన కరపత్రం ఒకటి నేటికీ భద్రంగా ఉంది. ఆ నెలలోనే సుమారు 300 మంది కెంటకీ నుంచి వచ్చారు.

వచ్చి చూస్తే అక్కడ ఊరు లేదు. చెట్టూ చేమా లేని గడ్డిమైదానం, పక్కన సోలమన్ నది, అంతే. కలప దొరకదు కాబట్టి నేలను తవ్వి, పైన కొమ్మలూ మట్టిపెళ్లలూ కప్పుకొని అందులోనే తలదాచుకున్నారు. మరుసటి వసంతంలో కెంటకీ నుంచి వచ్చిన విలియానా హిక్‌మన్ అనే గృహిణి తన జ్ఞాపకాలలో చెప్పిన ముచ్చట ఒకటి ఆ ఊరి చరిత్రలో ప్రసిద్ధం. ఎల్లిస్ స్టేషన్‌లో రైలు దిగి బండ్ల మీద రెండు రోజులు ప్రయాణించాక, అదిగో నికోడెమస్ అని మగవారు కేక వేశారట. ఎంత చూసినా ఆమెకు ఊరు కనబడలేదు. నేలలోంచి లేస్తున్న పొగను చూపించి, అదే నికోడెమస్ అన్నారట. ఆమెకు ఏడుపు ఆగలేదు. హిల్ వంటి వ్యాపారులు అమ్మిన కలకూ నేల మీది నిజానికీ మధ్య ఎంత దూరముందో చెప్పడానికి ఆ పొగను మించిన సాక్ష్యం నాకు మరొకటి కనబడలేదు.

మొదటి బృందంలో సుమారు 60 కుటుంబాలు వెంటనే వెనుదిరిగాయి. మిగిలినవారి వద్ద నాగళ్లూ పశువులూ లేవు. గడ్డి వేళ్లతో బిగిసిపోయిన నేలను పారలతో, గునపాలతో తవ్వి విత్తనాలు వేశారు. మొదటి చలికాలంలో వేట ముగించుకొని వెళ్తున్న ఓసేజ్ తెగవారు తమ ఆహారంలో కొంత పంచి ఇచ్చి ప్రాణాలు నిలబెట్టారని ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అలా నిలదొక్కుకున్న ఊరు పదేళ్లు తిరక్కుండా దుకాణాలు, చర్చిలు, హోటళ్లు, బడి, రెండు వార్తాపత్రికలు గల చిన్న పట్టణమైంది. ఆ ఊరికి వచ్చి స్థిరపడిన ఇ. పి. మెక్‌కేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యాడు. నల్లజాతివారొకరు ఆ రాష్ట్రమంతటికీ చెందిన పదవికి ఎన్నిక కావడం అదే మొదలు.

ఇక ఆ ఐదు కట్టడాలు: 1880 ప్రాంతపు ఫ్లెచర్ కుటుంబం హోటలు, 1885 నాటి ఏ.ఎం.ఈ. (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి, 1907 నాటి బాప్టిస్టు చర్చి, 1918 నాటి బడి, 1939లో మహామాంద్యం నాటి ఉపాధి పథకం కింద సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ (కౌంటీలోని చిన్న పాలనా విభాగం) హాలు. సందర్శకులకు సమాచారం ఇచ్చేది ఆ హాలులోనే.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, రెండుసార్లు జనగణన విధులు చేసినవాణ్ణి. రైలు రాకపోవడం వల్ల నికోడెమస్ ఖాళీ అయిందని విన్నాను. అదొక్కటే కారణమా? జనం లేక పేరు మాత్రమే మిగిలిన మన బేచిరాక్ గ్రామాల వంటిదేనా ఇది?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మీరు లెక్కలు రాసిన మనిషి కాబట్టి ముందుగా లెక్కల సంగతి. 1880లో నికోడెమస్‌లోనూ చుట్టుపక్కల టౌన్‌షిప్‌లోనూ కలిపి 258 మంది నల్లవారు, 58 మంది తెల్లవారు ఉన్నారు. ఊళ్లో 1935లో 76 మంది, 1950లో 16 మంది, 2020 జనగణనలో 14 మంది మిగిలారు. మొదటి అంకెలో చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవారు కూడా ఉన్నారు. పురపాలక సంస్థ లేని ఊరు కావడం వల్ల దాని హద్దు ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అందువల్ల వీటిని ఒకే వరుసలో పెట్టి శాతాలు కట్టడం సరికాదు; తగ్గుదల మాత్రం కాదనలేనిది.

రైలు కథ నిజమే. మిస్సోరి పసిఫిక్ రైల్వేను రప్పించుకోవడానికి 1887లో నికోడెమస్ ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. అప్పటికి ఊరి ఉత్సాహం అంతా ఇంతా కాదు. ఆ రైలు రాలేదు. 1888లో మరో కంపెనీ, యూనియన్ పసిఫిక్, సోలమన్ నదికి అవతల కొద్ది మైళ్ల దూరంలో పట్టాలు వేసింది. అక్కడ కూలీల మకాం చుట్టూ బోగ్ అనే ఊరు పుట్టగానే నికోడెమస్ వర్తకులు దుకాణాలు ఎత్తివేసి అక్కడికి తరలిపోయారు. పత్రికలు రెండూ మూతబడ్డాయి. రైలు స్టేషన్ ఎక్కడుంటే ఊరు అక్కడికే జరగడం మనకు కొత్తకాదు. మన స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే ఆ సంగతి ఉంది.

అయితే రైలు తీసుకుపోయింది వర్తకులను, రైతులను కాదు. చుట్టుపక్కల పొలాల్లో నల్లజాతి రైతులు మరో రెండు తరాలు సేద్యం చేశారు. వారిని కదిలించినవి 1930ల నాటి మాంద్యం, కరవు, దుమ్ము తుపానులు. నా ఉద్దేశంలో వీటన్నిటికంటే లోతైన కారణం ఒకటుంది. వానలు సరిగా పడని ఆ పడమటి కాన్సస్‌లో 160 ఎకరాలు ఒక కుటుంబానికి చాలవు. తూర్పు రాష్ట్రాల తేమ నేలలను దృష్టిలో పెట్టుకొని చేసిన చట్టం మెట్ట నేలలో పని చేయలేదు. ట్రాక్టర్లు వచ్చాక నలుగురు చేసే సేద్యం ఒకరే చేయగలిగారు. కమతాలు పెద్దవయ్యాయి, ఇళ్లు తగ్గాయి. దీనికి రుజువు పక్కనే ఉంది. రైలు వచ్చిన బోగ్‌లో సైతం నేడు 200 మంది లేరు. హిల్ పేరు మీదే వెలసిన హిల్ సిటీ జిల్లా కేంద్రమై ఉండి కూడా 1,500 మందికి లోపే. ఈ ఊళ్లన్నీ ఉన్న గ్రాహం కౌంటీ (మన జిల్లా వంటిది) మొత్తం జనాభా 2020లో 2,415. తెల్లవారి ఊళ్లనూ నల్లవారి ఊరినీ ఒకే గాలి వంచింది. కాకపోతే అప్పు పుట్టడం, పెట్టుబడి దొరకడం నల్లవారికి మొదటినుంచీ కష్టమే గనుక వారి ఊరు ముందుగా వంగింది.

1953లో తపాలా కార్యాలయాన్ని, 1960లో బడిని మూసివేశారు. బేచిరాక్ అంటే దీపం లేని ఊరు కదా. నికోడెమస్‌లో దీపం ఇప్పటికీ వెలుగుతోంది కనుక ఆ మాట దానికి వర్తించదు.

ప్రశ్న: పద్నాలుగు మందే ఉంటే ఆ ఊళ్లో ఏటా ఉత్సవం జరుగుతుందని ఎలా రాశారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉత్సవం ఊళ్లో ఉన్నవారిది మాత్రమే కాదు, వెళ్లిపోయినవారిది కూడా. బ్రిటిషు వలసలలో బానిసలకు విముక్తి చట్టం అమలులోకి వచ్చిన 1834 ఆగస్టు 1ని అమెరికా నల్లవారు ఎన్నో చోట్ల పండుగగా జరుపుకునేవారు. నికోడెమస్‌లో అది తొలి రోజుల నుంచీ ఉంది. (అదే చట్టం మూలంగా చెరకుతోటల్లో ఏర్పడిన కూలీల కొరత తీర్చడానికే మన కోస్తా జనాన్ని మారిషస్‌కు ఓడలెక్కించారన్నది వేరే కథ.) ఇప్పుడు అది జూలై చివరి వారాంతంలో జరిగే ‘హోమ్‌కమింగ్’ అయింది. డెన్వర్, టొపీకా, కాన్సస్ సిటీ వంటి చోట్ల స్థిరపడిన మునిమనుమలు కుటుంబాలతో వస్తారు. 1954లో అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి జట్ల ఆటగాళ్ల ఎంపికలో నాలుగో స్థానంలో గ్రీన్ బే జట్టుకు ఎంపికైన వెరిల్ స్విట్జర్ ఈ ఊరి బిడ్డే. ఊరేగింపు, చర్చిలో ప్రార్థన, విందు ఉంటాయి. ఆ రెండు మూడు రోజులూ ఊరి జనాభా పద్నాలుగు కాదు, వందల్లోనే ఉంటుంది. ఏప్రిల్ ఒకటో తేదీని ఆధారంగా పెట్టుకొని తలలు లెక్కించే అమెరికా జనగణనకు ఆ లెక్క అందదు.