ఆస్పత్రి అప్పు: ముందు వడ్డీని ఆపాలి

ప్రశ్న: నాన్నగారికి గుండెకు స్టెంట్లు వేయించాం. ఇన్సూరెన్స్ లేదు. ఆస్పత్రికి ఇంకా 45,000 కట్టాలి. క్రెడిట్ కార్డు మీద 80,000 ఉంది. ప్రోనోటు రాసి మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తెచ్చాను. అక్క చేబదులుగా 60,000 ఇచ్చింది. జీతం 38,000. ఇంటి ఖర్చులు, నాన్న మందులు పోను 12,000 మిగులుతోంది. నలుగురికీ తలా మూడు వేలు కడితే ఎన్నాళ్లకు తీరుతుంది? నా భార్యకు ఆరు తులాల నగలున్నాయి కానీ తాకట్టు పెట్టాలంటే మనసు ఒప్పడం లేదు.

జవాబు: తలా మూడు వేలు కడితే ఎప్పటికీ తీరదండీ. ప్రోనోటు మీద నెల వడ్డీయే 3,600. కార్డుకు నెలకు మూడున్నర శాతం చొప్పున 2,800, దానిపై 18 శాతం జీఎస్టీ 504 కలిపి 3,304. అంటే రెండు చోట్లా మీరు కట్టేది వడ్డీకే చాలదు. పైగా కార్డు కనీస మొత్తం అయిదు శాతమనుకున్నా 4,000 అవుతుంది, మూడు వేలే కడితే ఆలస్య రుసుమూ పడుతుంది. అక్క, ఆస్పత్రి వడ్డీ అడగరు. మీ డబ్బు ముందు వడ్డీ తినేస్తున్న ఆ రెండింటి మీదికే వెళ్లాలి.

అందుకు నగలే మంచి ఆధారం. అవి మీ భార్యవి కాబట్టి నిర్ణయం ఆమెదే, ఈ లెక్క మాత్రం ఆమె ముందు పెట్టండి. బ్యాంకులో 2,00,000 గోల్డ్ లోన్, ఏడాదికి పది శాతం వడ్డీ, 24 నెలల గడువు అనుకుంటే ఈఎంఐ 9,229. రెండేళ్లకూ కలిపి వడ్డీ సుమారు 21,500. ఇప్పుడు మూడు నెలల్లోనే మీకు దాదాపు అంత వడ్డీ పడుతోంది. రాళ్ల బరువు తీసేసి తూకం వేస్తారు, అయినా ఆరు తులాల మీద ఈ మొత్తం రావడం కష్టం కాదు. అయితే ఈఎంఐ పద్ధతే కావాలని గట్టిగా అడగండి. అసలూ వడ్డీ ఏడాది చివర ఒకేసారి కట్టే రకం తీసుకుంటే, గడువునాటికి డబ్బు చేతిలో లేక నగలు వేలానికి పోయే ప్రమాదం ఉంది.

ఆమెకు ఇష్టం లేకపోతే జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోన్ అడగండి. 13 శాతానికి మూడేళ్ల గడువుతో ఈఎంఐ 6,739 పడుతుంది. లోన్ యాప్‌ల జోలికి మాత్రం వద్దు.

డబ్బు రాగానే ఆ రోజే కార్డు, ప్రోనోటు రెండూ తీర్చేయండి. కార్డుకు కట్టిన రోజు వరకు లెక్కేసిన వడ్డీ తర్వాతి బిల్లులో కొద్దిగా వస్తుంది, అదీ కట్టాకే ఖాతా సున్నా అయినట్టు. ప్రోనోటు డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ఖాతాకే పంపండి. ఇదివరకు అసలులో కొంత కట్టి ఉంటే, ప్రోనోటు వెనుక చెల్లు (కట్టినట్టు నమోదు) రాశారో లేదో ముందే చూసుకుని లెక్క తేల్చండి. మొత్తం తీరాక అసలు ప్రోనోటు, ఇచ్చిన ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన కాగితాలు అన్నీ వెనక్కి తీసుకోండి. జిరాక్సు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. తీరిన అప్పుకే ఆ కాగితాలతో మళ్లీ కోర్టుకు వెళ్లినవాళ్లున్నారు.

గోల్డ్ లోన్ ఈఎంఐ పోను మిగిలేది 2,771. అందులో 2,500 ఆస్పత్రికి ఇస్తే 18 నెలల్లో 45,000 తీరుతుంది. బిల్లింగ్ విభాగంలో ఐటెమ్ వారీ బిల్లు తీసుకుని, వాడని మందులు, రెండుసార్లు పడ్డ పరీక్షలు ఉన్నాయేమో చూడండి. వాయిదాల ఒప్పందం కాగితం మీద, వడ్డీ లేదని స్పష్టంగా రాయించుకోండి. రాబోయే నెలల తేదీలు వేసి చెక్కులు ఇవ్వకండి, ఒక్క నెల బౌన్స్ అయినా కేసు దాకా వెళ్లొచ్చు. 19వ నెల నుంచి ఆ 2,500 అక్కకు. గోల్డ్ లోన్ తీరేనాటికి ఆమెకు 15,000 ముడుతుంది. మిగిలిన 45,000, ఆగిపోయిన ఈఎంఐ డబ్బు కూడా కలిపి నెలకు 11,729 చొప్పున నాలుగు నెలల్లో తీరిపోతుంది. ఆమెకు ఈ తేదీలు ఇప్పుడే చెప్పండి, ఊరికే ఎదురుచూడనక్కర్లేదు.

ఈలోగా నాన్నగారి పేరు తెల్ల రేషన్ కార్డులో ఉందేమో చూడండి. ఉంటే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీతో మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టొచ్చు. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతి పేజీకీ జిరాక్సు తీసుకోండి. వచ్చిన సొమ్ము ఎంతైనా గోల్డ్ లోన్ అసలులోకే జమ చేయండి.

మందుల డబ్బు మాత్రం వాయిదాల కోసం కదపొద్దు. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు మానేస్తే స్టెంటు మూసుకుపోయే ముప్పు ఉంది. ఖర్చు తగ్గాలంటే అవే మందులు జన ఔషధి దుకాణంలో దొరుకుతాయేమో డాక్టరుగారిని అడిగి మార్చుకోండి.