మేస్త్రి చుక్క, గోదావరి చుక్క

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొత్తింటి కిటికీ వెడల్పు మేస్త్రి కొలిచి, గోడ మీద సుద్దతో 5.6 అని రాశాడు. అద్దాల కొట్టువాళ్లు మిల్లీమీటర్లలో చెప్పమన్నారు. అడుగుకి 304.8 కదా అని ఫోన్‌లో లెక్కేసి 1707 అని చెప్పాను. తీరా అద్దం వచ్చాక చూస్తే అంగుళం పైనే ఎక్కువుంది. తప్పు ఎవరిదండీ?

జవాబు: ఆ చుక్కదేనండీ. మేస్త్రి రాసింది అయిదడుగుల ఆరంగుళాలు, అంటే అయిదున్నర అడుగులు. అడుగుకి 12 అంగుళాలని ఫోన్‌కి ఎవరూ చెప్పలేదుగా, అది అయిదడుగుల మీద పదింట ఆరు వంతులు అనుకుంది. 5.5 అని కొట్టి ఉంటే 1676 వచ్చేది. అయిదడుగుల పదంగుళాలని 5.10 అని రాసి చూడండి, ఫోన్ దృష్టిలో అది 5.6 కన్నా చిన్నది!

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు కదా, ఆ చుక్క మాత్రం అసలైన దశాంశమే. అంటే 11 అడుగుల 9 అంగుళాలు, 3.58 మీటర్లు. రెండూ అడుగులే, రెంటికీ చుక్కే, అర్థాలు వేరు.

మెట్రిక్ కొలతల చట్టం మన దేశంలో 1956లోనే వచ్చినా గోడ దగ్గర ఇంకా అడుగులూ అంగుళాలే నడుస్తున్నాయి. అందుకే ముందు మొత్తం అంగుళాల్లోకి మార్చుకోండి. 5 పన్నెండ్లు 60, దానికి 6 కలిపితే 66. దాన్ని 25.4తో గుణించండి. ఈ 25.4లో ఉజ్జాయింపేమీ లేదు, 1959 నుంచి అంగుళమంటే సరిగ్గా అంతే. వడ్రంగి 'రెండు నూళ్లు' అంటే పావంగుళం, 6 మిల్లీమీటర్ల పైచిలుకు. అద్దం టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచింది) అయితే ఇక కోయడం కుదరదు, కొత్తది చేయించుకోవాల్సిందే. ఈసారి టేపుకి రెండో అంచున ఉన్న మిల్లీమీటర్లే చూసి చెప్పండి, అసలు లెక్కే అక్కర్లేదు.

ప్రశ్న: మా టీవీ గూడు 40 అంగుళాలు. 43 అంగుళాల టీవీ పడుతుందా?

జవాబు: పడొచ్చు. ఆ 43 మూల నుంచి మూలకి. తెర వెడల్పు 37న్నర అంగుళాలే ఉంటుంది, ఎత్తు 21. చుట్టూ ఉండే అంచు మాత్రం కొట్లోనే టేపు పెట్టి చూసుకోండి.