విడి బటన్లు లేని టచ్‌ప్యాడ్‌లో రైట్ క్లిక్ రాకపోతే డ్రైవర్ లేనట్టేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేశారు, టచ్‌ప్యాడ్‌కి కింద విడిగా బటన్లు లేవు, కుడి మూల నొక్కినా లెఫ్ట్ క్లిక్కే పడుతోంది, దీనికి లైనక్స్ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందని. డ్రైవర్ కోసం వెతక్కండి. ముందు రెండు వేళ్లు పక్కపక్కనే ఆనించి ప్యాడ్‌ని టక్‌మనేలా నొక్కి చూడండి. మెనూ వచ్చిందా? వస్తే డ్రైవర్ భేషుగ్గా ఉన్నట్టే, మారాల్సింది ఒక్క సెట్టింగ్.

ఉబుంటు 24.04 అయితే సెట్టింగ్స్‌లో మౌస్ అండ్ టచ్‌ప్యాడ్‌కి వెళ్లి, టచ్‌ప్యాడ్ ట్యాబ్‌లో సెకండరీ క్లిక్ (అంటే రైట్ క్లిక్) దగ్గర కార్నర్ పుష్ ఎంచుకోండి. ఉబుంటులో మనకి కనిపించే డెస్క్‌టాప్ పేరు గ్నోమ్, దాని 46వ వెర్షన్‌లోనే ఇది సెట్టింగ్స్‌లోకి వచ్చింది. అంతకన్నా పాతదైతే డీకాన్ఫ్ ఎడిటర్ అనే యాప్ వేసుకుని, అందులో ఓఆర్‌జీ, గ్నోమ్, డెస్క్‌టాప్, పెరిఫెరల్స్, టచ్‌ప్యాడ్ వరుసగా తెరుచుకుంటూ వెళ్తే క్లిక్ మెథడ్ అని కనిపిస్తుంది, దాన్ని ఫింగర్స్ నుంచి ఏరియాస్‌కి మార్చండి, కార్నర్ పుష్ అన్నా ఇదే. గ్నోమ్ బదులు కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకి ఈ ఆప్షన్ వాళ్ల టచ్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

ఎందుకిలా అంటే, ఈ రకం ప్యాడ్ కింద ఉండే స్విచ్ ఒక్కటే. మీరు ఎడమ మూల నొక్కినా కుడి మూల నొక్కినా అది కంప్యూటర్‌కి చెప్పేది "నొక్కారు" అని మాత్రమే, అదీ లెఫ్ట్ బటన్ పేరుతో. ఇది టెస్ట్ చేయబోయి నేనే ఒకసారి బోల్తాపడ్డాను. ఈవీటెస్ట్ అనే టూల్ పెట్టి చూస్తే ఏ మూల నొక్కినా లెఫ్ట్ అనే వస్తోంది, సరే రైట్ బటన్ కాలిపోయిందని తేల్చేశాను. కాలిపోవడానికి అసలు అక్కడ రైట్ బటన్ ఉంటేగా! ఆ క్షణంలో వేలు ఎక్కడుంది, ఎన్ని వేళ్లున్నాయి అని చూసుకుని ఇది లెఫ్టా రైటా అని తేల్చేది పైనున్న సాఫ్ట్‌వేర్, ఇప్పుడైతే లిబ్‌ఇన్‌పుట్. అందుకని టెస్ట్ చేయాలంటే లిబ్‌ఇన్‌పుట్ డీబగ్ ఈవెంట్స్ అనే కమాండ్‌లో చూడాలి, నిర్ణయం అయిపోయాక వచ్చే ఫలితం అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంత సుఖంగా ఉంది గానీ, నేను 2011లో కొన్న ల్యాప్‌టాప్‌తో నరకం చూశాను. కింద బొటనవేలితో నొక్కిపట్టి చూపుడువేలితో ఫైల్‌ని లాగుదామంటే కర్సర్ కప్పలా ఎగిరి ఎక్కడో పడేది, ఎందుకంటే నొక్కిపట్టిన వేలు వేరు, కదిలే వేలు వేరు అని అప్పటి డ్రైవర్‌కి తెలిసేది కాదు, రెండో వేలు ఆనగానే మొదటి వేలే అక్కడికి దూకిందనుకునేది. ఎవరో చెప్పారని, మౌస్‌లనీ టచ్‌ప్యాడ్‌లనీ చూసుకునే పీఎస్‌మౌస్ అనే కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) భాగానికి ప్రోటో అనే ఆప్షన్ ఇచ్చి టచ్‌ప్యాడ్‌ని మామూలు మౌస్‌లా నమ్మించాను. ఎగరడం ఆగింది, దాంతోపాటు రెండువేళ్ల స్క్రోలింగ్ కూడా పోయింది. ఏడాదిపాటు అలాగే నెట్టుకొచ్చాను. తర్వాత కెర్నెల్ "ఇది బటన్‌ప్యాడ్" అని గుర్తు వేసి పైకి చెప్పడం, అప్పట్లో వాడిన సినాప్టిక్స్ అనే టచ్‌ప్యాడ్ డ్రైవర్‌లో సాఫ్ట్ బటన్ ఏరియాలు (ప్యాడ్‌లో ఒక చోటుని బటన్‌లా లెక్కేయడం) రావడం, 2015లో లిబ్‌ఇన్‌పుట్ 1.0 రావడంతో ఆ బాధ దాదాపు తీరింది. పాత సినాప్టిక్స్ డ్రైవర్‌ని చాలాకాలం చూసుకున్న పీటర్ హట్టరరే లిబ్‌ఇన్‌పుట్‌కి కూడా ప్రధాన డెవలపర్, కాబట్టి పాత నొప్పులన్నీ ఆయనకి బాగా తెలుసు.

మరి ఇంత బాగైతే మీకెందుకు రాలేదు? 2018లో గ్నోమ్ 3.28లో డిఫాల్ట్‌ని ఫింగర్స్‌కి మార్చారు, అంటే మూలలతో పనిలేదు, రెండువేళ్లతో నొక్కితే రైట్, మూడువేళ్లతో మిడిల్. మ్యాక్ అలవాటున్నవాళ్లకి హాయి, మిగతావాళ్లకి షాక్. మా బావమరిది ఆ ఏడాదే ఆ గ్నోమ్‌తో వచ్చిన ఉబుంటు 18.04 వేసుకుని, "బావా, రైట్ క్లిక్ చచ్చిపోయింది" అని విజయవాడ నుంచి ఫోన్. అప్పటికే ఒక షాపుకి తీసుకెళ్తే "లైనక్స్‌కి దీని డ్రైవర్ ఉండదు, ఎనిమిదొందలివ్వండి, విండోస్ వేసిస్తా" అన్నాడట. ఫోన్లోనే చెప్పి, గ్నోమ్ అదనపు సెట్టింగ్స్ ఉండే ట్వీక్స్ యాప్ తెరిపించి ఏరియా అని పెట్టించాను, రెండు నిమిషాల పని.

ఏరియాస్ పెట్టాక ఒక చికాకు మాత్రం ఉంది, ముందే చెప్తున్నా. కింద అంచున ఎడమకీ కుడికీ మధ్యలో సన్నటి మిడిల్ బటన్ పట్టీ ఉంటుంది, పొరపాటున వేలు అక్కడ పడితే ఎప్పుడో సెలెక్ట్ చేసిన టెక్స్ట్ ఊడిపడుతుంది. ఆఫీసు మెయిల్ మధ్యలో నా బ్యాంకు ఖాతా నంబరు అలా పేస్ట్ అయింది ఒకసారి, పంపకముందే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. ట్వీక్స్‌లో మిడిల్ క్లిక్ పేస్ట్ ఆపేస్తే గొడవ వదులుతుంది. నన్నడిగితే ఫింగర్స్‌నే ఉంచుకుని వారం రోజులు ఓపిక పట్టండి, ప్యాడ్ మొత్తం చేతికొస్తుంది, మూల ఎక్కడుందో తడుముకోనక్కర్లేదు. వేళ్లు మరీ ఎడంగా పెట్టకండి, దూరంగా ఉంటే రెండో వేలిని లెక్కలోకి తీసుకోదు. ట్యాప్ టు క్లిక్ కూడా ఆన్ చేసుకోండి, రెండువేళ్లతో తడితే రైట్ క్లిక్, అసలు నొక్కే పనే ఉండదు.

ఇవేవీ పనిచేయకపోతే రెండు చూడండి. ఒకటి, ఏదో పాత వ్యాసం చదివి సినాప్టిక్స్ ప్యాకేజీ వేసి ఉంటే, ఎక్సార్గ్ (తెరని నడిపే పాత పద్ధతి) సెషన్‌లో అది లిబ్‌ఇన్‌పుట్‌ని పక్కకి నెట్టేస్తుంది, అప్పుడు మీరు సెట్టింగ్స్‌లో ఏం మార్చినా ప్యాడ్‌కి చేరదు. దాన్ని తీసేసి రీస్టార్ట్ చేయండి. రెండోది, మీది కొత్తదన్నారు కాబట్టి ఉండకపోవచ్చు గానీ, ప్యాడ్ పైకి ఉబ్బినట్టుండి నొక్కితే టక్‌మనకపోతే అది సాఫ్ట్‌వేర్ సంగతి కాదు, చాలా మోడళ్లలో బ్యాటరీ సరిగ్గా ప్యాడ్ కిందే ఉంటుంది, అది ఉబ్బితే స్విచ్ కదలదు. అలా ఉంటే నొక్కి నొక్కి చూడకుండా ఛార్జర్ పీకేసి, షట్‌డౌన్ చేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

అన్నట్టు మా బావమరిది ఆ నెలలోనే నాలుగొందలు పెట్టి మౌస్ కొనుక్కున్నాడు. రైట్ క్లిక్ కోసం కాదట, ప్యాడ్ మీద క్యారమ్స్ ఆడటం కుదరట్లేదని.