అడగండి చెబుతా: తాళం వేసిన పెట్టెలో హార్డ్ డిస్క్

ప్రశ్న: మాది మందుల షాపు. గల్లాపెట్టె పైన, స్లాబుకు జానెడు కింద సీసీ కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా (డీవీఆర్) ఉంది. ఎవరూ ముట్టుకోకుండా వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించి తాళం వేశాను. రెండేళ్లలో రెండు హార్డ్ డిస్కులు పోయాయి, రెండూ మే నెలలోనే. అమ్మినాయన ఈసారి వేరే కంపెనీది వేద్దామంటున్నాడు. షాపుకి ఏసీ పెట్టిస్తే ఆగుతుందా?
- ఒక పాఠకుడు, రెంటచింతల

జవాబు: ఏసీ ఖర్చు అప్పుడే వద్దండీ. కంపెనీ మార్చే పని కూడా తర్వాత చూద్దాం. ముందు ఆ తాళం తీయండి.

డిస్కు లోపల పళ్లేలు నిమిషానికి 5400 నుంచి 7200 చుట్లు తిరుగుతాయి. ఇంట్లో కంప్యూటర్‌కైతే రాత్రి విశ్రాంతి ఉంటుంది. డీవీఆర్‌లో డిస్కు మీరు షట్టర్ దించి ఇంటికెళ్లాక కూడా రాస్తూనే ఉంటుంది. అది తినే కరెంటు ఐదారు వాట్లే, అంటే చిన్న బల్బు పాటి. కానీ చిన్న బల్బునైనా అగ్గిపెట్టెలో పెట్టి మూత వేస్తే ఏమవుతుంది? మీ పెట్టెలో డిస్కుతో పాటు డీవీఆర్ బోర్డూ, నాకు తెలిసి అడాప్టర్ కూడా ఉండే ఉంటాయి. అన్నీ కలిసి ఉడుకుతున్నాయి.

ఇక లెక్క చూడండి. మామూలుగా డిస్కు తన చుట్టూ ఉన్న గాలి కన్నా పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. మీ ఊళ్లో మే నెల ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? బయట 45 అయితే, స్లాబు కింద చేరిన గాలి అంతకు తగ్గదు. మూసిన పెట్టెలో ఇంకో ఐదు కలుపుకోండి. డిస్కు 60 దాటుతుంది. చాలా కంపెనీలు డెస్క్‌టాప్ డిస్కుకి ఇచ్చే పై హద్దే 60. ఏ కంపెనీది వేసినా ఆ పెట్టెలో గతి అదే.

కాబట్టి పెట్టెను గల్లా ఎత్తుకి దించండి. వెనక పలక పీకించేయండి. ముందు తలుపుకి చెక్క తీయించి ఇనుప జాలీ కొట్టించండి. మన అమ్మమ్మలు పాలూ పెరుగూ పెట్టుకునే జాలీ బీరువా లాగన్నమాట. తాళం ఉంటుంది, గాలీ ఆడుతుంది. అడాప్టర్ బయటికి రావాలి. ఇంకా అనుమానంగా ఉంటే పైభాగాన వేడి గాలిని బయటికి నెట్టేలా 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి బిగించండి. అయితే ఒక్క మాట: ఏ ఫ్యాన్ అయినా డిస్కుని గది గాలి కన్నా చల్లబరచలేదు. గది 43లో ఉంటే డిస్కు ఎప్పుడూ 43 పైనే. మంచి గాలి పెట్టి యాభై లోపల ఆపగలిగామంటే మన పని అయినట్టే. గాలి ఆడేలా చేశాక కూడా 55 దగ్గర కూర్చుంటే అప్పుడు ఏసీ గురించి మాట్లాడుకుందాం. చాలా డీవీఆర్‌ల మెనూలో హార్డ్ డిస్క్ వివరాల దగ్గర స్మార్ట్ అనే పేజీ ఉంటుంది. ఉష్ణోగ్రత అక్కడ చూడండి, అదీ మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే చూసి సంతోషపడకండి.

అదే పేజీలో డిస్కు మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో కూడా ఉంటుంది. ఏడాదికి 8760 గంటలు. నా దగ్గరకొచ్చిన ఒకాయన 'కొత్త' డిస్కులో 20 వేల గంటలు కనిపించాయి. ఎవరి డీవీఆర్‌లోనో రెండేళ్లు పైగా చాకిరీ చేసి, తుడిచి, కవర్లో పెట్టుకుని వచ్చింది. మీకు వేసిన రెండూ అలాంటివి కావని నేను చెప్పలేను. ఈసారి బిగించిన రోజే గంటలు చూడండి. లేబుల్ మీద సర్వైలెన్స్ అని ఉందో లేదో కూడా చూడండి, రాత్రీ పగలూ రాయడానికి చేసినవి అవి.

మే నెలంటే కరెంటు కోతలు కూడా. డిస్కు తిరుగుతుండగా టపీమని ఆగడం దానికి మంచిది కాదు, చిన్న యూపీఎస్ పెట్టండి. అన్నట్టు, గల్లా పైన దేవుడి పటం ఉండి అగరబత్తి పొగ నేరుగా డీవీఆర్‌కి తగులుతుంటే పటాన్ని పక్కకి జరపండి. అగరబత్తి మసి జిగురుగా ఉంటుంది. దాని మీద దుమ్ము అంటుకుంటే బ్లోయర్‌కి కూడా లొంగదు.

ప్రశ్న: ఫొటో స్టూడియో మాది. సీపీయూలో నాలుగు హార్డ్ డిస్కులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఎడిటింగ్ చేసేటప్పుడు 47 డిగ్రీలు చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది. సైడ్ డోర్ తీసేసి ఎదురుగా కూలర్ పెట్టాను. సరేనా?
- కరీంనగర్ నుంచి

జవాబు: 47కి టెన్షన్ పడకండి, కూలర్‌కి పడండి. ఆ తప్పు నేనూ చేశాను. షాపు పెట్టిన కొత్తలో ఓ ఎండాకాలం నా సీపీయూ డోరు ఊడదీసి కూలర్ తిప్పి పెట్టాను. డిస్కు చల్లగానే ఉంది. నెలన్నర తర్వాత చూస్తే బోర్డు మీద తెల్లటి ఉప్పు పొర, డిస్కు కనెక్టర్ దగ్గర పచ్చటి చిలుము. మా బోరు నీళ్లలోని ఉప్పంతా తుంపర్లతో వచ్చి లోపల చేరింది. కూలర్ గాలి మనిషికి, యంత్రానికి కాదు.

గూగుల్ ఇంజినీర్లు 2007లో లక్షకు పైగా డిస్కుల లెక్కలు బయటపెట్టారు. మామూలు వేడికీ డిస్కులు చెడిపోవడానికీ అందరూ అనుకున్నంత సంబంధం వాళ్లకి కనపడలేదు. మరీ చల్లగా ఉన్నవే ఎక్కువ పోయాయి. మూడేళ్లు దాటిన డిస్కుల్లో మాత్రం బాగా ఎక్కువ వేడి ప్రభావం కనిపించింది. అందుకని మీ నాలుగింటిలో పాతది ఏదో చూసి దానికి పైనా కిందా ఖాళీ ఇవ్వండి. రెండు డిస్కుల మధ్య ఒక అర వదలాలి. నాలుగూ అలా పట్టకపోతే, పాత పెళ్లిళ్లు ఉన్నవి రెండు తీసి బయట దాచండి. అవి రోజూ తిరగాల్సిన పనేముంది?

సీపీయూ ముందు భాగంలో, డిస్కులకి ఎదురుగా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలి లోపలికి లాగేలా బిగించి, డోరు మూసేయండి. డోరు తెరిస్తే చల్లగా ఉంటుందనుకుంటాం గానీ, ముందు ఫ్యాన్ ఉన్నప్పుడు తెరిచిన డోరు గాలిని దారి తప్పిస్తుంది. డిస్కులకి నాలుగు స్క్రూలూ బిగించారా? డిస్కు వేడి కొంత ఆ ఇనుములోంచే పోవాలి. ఒక్క స్క్రూతో వేలాడదీసే మెకానిక్కులంటే నాకు ఒళ్లు మంట.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. అందులో డిగ్రీల కన్నా, డిస్కులో పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క చెప్పే 05, సీ5 అనే వరసలు ముఖ్యం. వాటి దగ్గర పసుపు చుక్క కనపడితే ఫ్యాన్ల గురించి ఆలోచించకండి, ఆ రోజే ఇంకో డిస్కులోకి కాపీ మొదలుపెట్టండి.

ప్రశ్న: పోర్టబుల్ హార్డ్ డిస్కులోకి సినిమాలు కాపీ చేస్తుంటే చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. మధ్యలో కాసేపు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?
- డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: వద్దమ్మా. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసు మీద ఎలా చెమట పడుతుందో దానికీ అలాగే పడుతుంది. పైడబ్బా లోపలున్న డిస్కుకి చాలావాటిలో గాలి పీల్చే సన్నటి రంధ్రం కూడా ఉంటుంది. నువ్వు పరుపు మీదో దిండు మీదో పెట్టి కాపీ చేస్తున్నావనుకుంటా. రెక్సిన్ కవరు కూడా తీయకుండా. కవరు తీసి నేల మీద పెట్టు, మీ ఊరి బండైతే మరీ మంచిది. వంద జీబీ ఒక్కసారి కాకుండా విడతలుగా కాపీ చెయ్యి. తిరుగుతున్నప్పుడు మాత్రం కదపకు.