పాత రేసు ఇంజిన్‌కి పికప్ ఎలా తేవాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 1275 సీసీ ఏ-సిరీస్ ఇంజిన్ ఉన్న పాత మినీ కారుతో హిస్టారిక్ (పాతకాలపు కార్ల) రేసుల్లో పాల్గొంటున్నాను. మలుపు దాటాక బండి లాగడం లేదు. ఒకరు టార్క్ పెంచమంటారు, ఇంకొకరు పవర్ పెంచమంటారు. దేని వెంట పడాలి?

జవాబు: రెండూ వేరువేరు కాదండీ. టార్క్ అంటే ఇంజిన్ షాఫ్ట్‌ని తిప్పే బలం, ఆర్‌పీఎం అంటే అది నిమిషానికి తిరిగే చుట్లు. టార్క్‌కి ఆర్‌పీఎం తోడైతే వచ్చేదే పవర్. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, అంతే. 1964లో వచ్చిన మినీ కూపర్ ఎస్ 1275 రోడ్డు ఇంజిన్‌నే తీసుకోండి, దాని గరిష్ఠ టార్క్ సుమారు 107 న్యూటన్ మీటర్లు, అదీ 3,000 ఆర్‌పీఎం దగ్గర. లెక్క వేస్తే అక్కడ పవర్ 34 కిలోవాట్లకు మించదు. అదే 107ని పడిపోనివ్వకుండా 6,500 దాకా తీసుకెళ్లగలిగితే 73 కిలోవాట్లు, అంటే 98 హార్స్‌పవర్ దాకా వస్తుంది. టార్క్ అంకె కాస్త కూడా పెరగలేదు, అది నిలబడే చోటు పైకి జరిగింది. టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ లేని ఇంజిన్‌లో గరిష్ఠ టార్క్ ఎంతన్నది చాలావరకు సీసీయే తేల్చేస్తుంది, ఆ టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర రావాలన్నది మాత్రం మీ చేతిలో ఉంటుంది.

అందుకే పార్టుల మీద డబ్బు పెట్టకముందే ట్రాక్ మీద గేరు మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం మీటరు ముల్లు ఎక్కడికి పడుతోందో చూసి రాసుకోండి. 7,000 దగ్గర మారిస్తే 4,800కి పడుతోందనుకుందాం. అప్పుడు మీ ఇంజిన్ బాగుండాల్సింది 4,800 నుంచి 7,000 మధ్యే, 2,500 దగ్గర ఎలా ఉన్నా రేసులో దాని అవసరం రాదు. క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్), హెడ్ (సిలిండర్ల పైభాగం), కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపేది), ఎగ్జాస్ట్ నాలుగూ ఆ ఒక్క మధ్య భాగం కోసమే ఎంచుకోవాలి. నాలుగూ నాలుగు దిక్కులకు లాగే ఇంజిన్లే ఎక్కువ కనిపిస్తాయి, ఖర్చంతా పెట్టాక కూడా అవి స్టాండర్డ్ ఇంజిన్ కంటే నెమ్మదిగా ఉండటం చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఇంకో మాట, ముందు లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూడటం) చేయించండి. ఒక సిలిండర్ గాలి వదిలేస్తుంటే మిగతా ట్యూనింగ్ అంతా వృథా. గాలి ఇన్‌లెట్ వైపు బుసకొడితే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు.

ప్రశ్న: అదే ఇంజిన్‌కి 300 డిగ్రీల (వాల్వును అంతసేపు తెరిచి ఉంచే) పెద్ద క్యామ్ వేయించాను. పైన అదిరిపోతోంది, కానీ 4,000 లోపు ప్రాణమే లేదు. కార్బ్యురేటర్ జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రాలు) మారిస్తే సర్దుకుంటుందా?

జవాబు: జెట్లతో ఇది పోదు. పెద్ద క్యామ్‌లో ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, అంటే పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి రావడం మొదలుపెట్టి చాలాసేపయ్యాక కూడా అది తెరిచే ఉంటుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో దీనివల్ల లాభమే, ఎందుకంటే వేగంగా వస్తున్న గాలికి, సడన్ బ్రేకు వేసినప్పుడు బస్సులో జనం ముందుకు తూలినట్టు, ఆగని ఊపు ఉంటుంది, పిస్టన్ పైకి వస్తున్నా అది లోపలికే తోసుకొస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఆ ఊపు ఉండదు కాబట్టి పిస్టన్ ఆ గాలిని తిరిగి మానిఫోల్డ్‌లోకి (అది వచ్చిన గొట్టంలోకి) నెట్టేస్తుంది. సిలిండర్ సగం ఖాళీగా కంప్రెస్ అవుతుంది, టార్క్ అక్కడే పోతుంది. పైగా ఏ-సిరీస్‌లో రెండేసి సిలిండర్లకు ఒకే ఇన్‌లెట్ పోర్ట్ (హెడ్‌లో గాలి వెళ్లే దారి), ఆ రెండూ వెంటవెంటనే పీలుస్తాయి, కాబట్టి మిశ్రమం సమానంగా పంచుకోవడం మామూలుగానే కష్టం, ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) పెరిగితే ఇంకా కష్టం. నాలుగు ప్లగ్గులూ తీసి వేటికవే చూడండి, ఒకటి చూసి మిగతా మూడూ అలాగే ఉంటాయనుకోవద్దు.

చేయాల్సినవి రెండున్నాయి. మొదటిది కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందన్న అంకె) పెంచడం. మీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ స్వెప్ట్ వాల్యూమ్ (పిస్టన్ కదిలే మేర ఉన్న చోటు) 318 సీసీ. రేషియో 10 ఉంటే పైన మిగిలే ఖాళీ 35.4 సీసీ, 11.5 కావాలంటే 30.3 సీసీ. అంటే ఒక్కో సిలిండర్‌కి 5 సీసీ తగ్గించాలి. హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు గీకి చదును చేయడం) చేయించేటప్పుడు ఊరికే ఇంత గీకమని చెప్పకండి, గ్యాస్కెట్ మందం, పిస్టన్ తలమీది గుంట, పిస్టన్ పైన బ్లాక్‌లో మిగిలే ఎడం, ఇవన్నీ కలిపి లెక్క వేసి, చాంబర్లను (హెడ్‌లో మిశ్రమం మండే గుంటలను) బ్యురెట్‌తో కొలిచాకే దించండి. ఇంత రేషియోకి ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోల్ తప్పనిసరి, లేదంటే నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలై పిస్టన్లు పోతాయి.

రెండోది క్యామ్ టైమింగ్. స్ప్రాకెట్ల మీది చుక్కకి చుక్క కలిపి చైన్ బిగించడం సరిపోదు, డిగ్రీ డిస్క్ (క్రాంక్‌షాఫ్ట్ ఎంత తిరిగిందో చూపేది), డయల్ గేజ్ (వాల్వు ఎంత కదిలిందో చూపేది) పెట్టి కొలవాలి. పాత చైన్లు, పాత స్ప్రాకెట్లతో క్యామ్ కొన్ని డిగ్రీలు వెనకబడి ఉండటం మామూలే, అలా వెనకబడితే కింద టార్క్ మరీ పడిపోతుంది. 2 నుంచి 4 డిగ్రీలు ముందుకు జరిపి చూడండి, పైన కాస్త పోయినా మధ్యలో తిరిగొస్తుంది. కానీ జరిపిన ప్రతిసారీ వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎడం మళ్లీ చూసుకోవాల్సిందే. ఇవన్నీ చేశాక కూడా మీకు కావాల్సిన చోట లాగకపోతే చిన్న క్యామ్ వేయించండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: 1600 ఫోర్డ్ క్రాస్‌ఫ్లో ఇంజిన్‌కి రెండు వేబర్ 40 డీసీఓఈ కార్బ్యురేటర్లు ఉన్నాయి. 45లు పెడితే పవర్ పెరుగుతుందా?

జవాబు: కార్బ్యురేటర్ మీద ఉన్న 40, 45 కంటే లోపలున్న చోక్ (గాలి వెళ్లే ఇరుకు గొంతు) సైజు ముఖ్యం. ఇప్పుడు 32 ఎంఎం చోక్‌లు ఉంటే ముందు 33 గానీ 34 గానీ వేసి చూడండి. చోక్ పెద్దదయ్యేకొద్దీ పైన గాలి ఎక్కువ పోతుంది, కానీ కింద గాలి వేగం తగ్గి పెట్రోల్‌ని సరిగ్గా లాగలేదు, మలుపు దాటాక యాక్సిలరేటర్ తొక్కగానే దగ్గేది అందుకే. మెయిన్ జెట్‌కి మొదటి అంచనాగా చోక్‌ని 4తో గుణించండి: 34కి 135 దగ్గర మొదలుపెట్టవచ్చు. మెయిన్ జెట్ మారిస్తే మిశ్రమం మొత్తంగా మారుతుంది, ఎయిర్ కరెక్టర్ (ఆ పెట్రోల్‌లో ముందే కలిసే గాలిని కొలిచే జెట్) ప్రభావం ఎక్కువగా పై ఆర్‌పీఎంలో ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగను బట్టి గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపేది) 12.5 నుంచి 13 మధ్య చూపిస్తే పవర్‌కి బాగున్నట్టు. ఇగ్నిషన్ సరిగ్గా ఉందని తేలేదాకా మాత్రం జెట్ల జోలికి పోవద్దు.

ప్రశ్న: ఇగ్నిషన్ అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇవ్వడం) ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

జవాబు: ఇంజిన్ ఎంత తీసుకుంటే అంత, అంతకు మించి ఒక్క డిగ్రీ కూడా వద్దు. సిలిండర్‌లో గరిష్ఠ ఒత్తిడి, పిస్టన్ పైకి చేరాక సుమారు 15 డిగ్రీల దగ్గర రావాలి, దానికోసమే మనం ముందుగా నిప్పు పెడతాం. డైనో (ఇంజిన్ టార్క్, పవర్ కొలిచే యంత్రం) మీద కొద్దికొద్దిగా పెంచుతూ పోండి, టార్క్ పెరగడం ఆగిన చోటు నుంచి 2 డిగ్రీలు వెనక్కి తెచ్చి వదిలేయండి. అడ్వాన్స్ ఎక్కువ తీసుకునే ఇంజిన్ గొప్పదనుకుంటారు గానీ, మంచి చాంబర్‌లో మంట త్వరగా పాకుతుంది కాబట్టి దానికి తక్కువే చాలు. మొదట క్రాంక్ పుల్లీ మీది టైమింగ్ గుర్తు నిజమో కాదో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని ఆపి దాని పై చివరను తేల్చే సాధనం) పెట్టి చూసుకోండి, పాత డ్యాంపర్లలో (రబ్బరున్న పుల్లీల్లో) రబ్బరు జారి గుర్తు పక్కకు పోయి ఉంటుంది.

ప్రశ్న: పోర్టులను అద్దంలా పాలిష్ చేయించాలా?

జవాబు: అక్కర్లేదు. గాలికి అడ్డు ఎక్కువగా తగిలేది వాల్వు సీటు దగ్గర, దాని కిందున్న మెడ దగ్గర. ఆ డబ్బు మంచి త్రీ-యాంగిల్ సీట్ కటింగ్‌కి (వాల్వు సీటును మూడు కోణాల్లో కోయడానికి) పెట్టండి. పోర్ట్ అవసరానికి మించి పెద్దదైతే గాలి వేగం పోయి టార్క్ తగ్గుతుంది, గీకిన లోహం మళ్లీ రాదు.

ప్రశ్న: మా మినీ 1275ని 8,000 దాకా తిప్పవచ్చా?

జవాబు: దీని స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 81.3 ఎంఎం. 7,000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 19 మీటర్లు, 8,000 దగ్గర 21.7. వేగం కంటే భయపడాల్సింది కనెక్టింగ్ రాడ్ల (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపేవాటి) మీద, వాటి బోల్టుల మీద పడే లాగుడుకి, అది ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 7,000తో పోలిస్తే 8,000 దగ్గర 30 శాతం ఎక్కువ ఉంటుంది. దశాబ్దాల నాటి క్రాంక్‌నీ రాడ్లనీ క్రాక్ టెస్ట్ (పగుళ్ల పరీక్ష) చేయించకుండా, కొత్త రాడ్ బోల్టులు వేయకుండా 7,000 దాటించడం నాకు అస్సలు ఇష్టం లేదు. స్టీల్ క్రాంక్, వేరే రాడ్లు వేయాలనుకుంటే ముందు మీ కారు హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్, హోమోలొగేషన్ పత్రం (కారుకి ఏ పార్టులు ఉండవచ్చో చెప్పేవి) చదవండి, ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంఘం) అపెండిక్స్ కే అనే పాత కార్ల నియమాల కింద ఆ కాలానికి అనుమతి లేని పార్టు ఉంటే రేసుకి రానివ్వరు. అసలు డైనో గ్రాఫ్‌లో మీ పవర్ 6,800 దగ్గరే గరిష్ఠానికి చేరి ఆ తర్వాత పడిపోతుంటే, 7,200 ప్రాంతంలోనే పై గేరు వేసేయండి. ల్యాప్ టైమ్ అక్కడే బాగుంటుంది.